కూత పెట్టిన వినాయకుడు

మా అల్లుడి కారులో వినాయకుడు కూత పెట్టేవాడు.

దారిలో ముందెక్కడో పోలీసు ఉన్నాడంటే చాలు, డాష్‌బోర్డు మీద అతికించిన అరచేయంత ప్లాస్టిక్ విగ్రహంలోంచి "టీ... టీ... టీటీటీ" అని వినిపించేది. అల్లుడు హేమచంద్ర వెంటనే కాలు తీసి వేగం తగ్గించేవాడు. మలుపు తిరగ్గానే పోలీసు కారు కనిపించేది. వెనక సీట్లో మా అమ్మాయి ఉదయలక్ష్మి రెండు చేతులూ జోడించేది.

"చూశారా నాన్నగారూ, స్వామి ఎంత ముందుగా చెప్పాడో!"

"ఊఁ" అనేవాణ్ణి.

లోపల ఏదో ఉందని నాకు మొదటి వారమే తెలిసింది. బండిలో ఏ చప్పుడు ఎక్కడ పుడుతుందో చెవికి తెలుస్తుంది. తాడేపల్లిగూడెం నుంచి నాగపూరు దాకా, కటక్ దాకా ముప్పై ఆరేళ్లు లారీ తోలాను. ఉల్లిపాయలు, బెల్లం, ధాన్యం. నా చక్రం ఒక్క మనిషికీ తగల్లేదు. అన్నేళ్లలో నా భార్య విద్యావతి నా పక్కన కూర్చున్నది మాత్రం ఒక్కసారి కూడా లేదు. ఆ సీటు క్లీనరుది.

సిడ్నీకి వచ్చి కెల్లీవిల్‌లో అమ్మాయి దగ్గర స్థిరపడ్డాక ఒకరోజు విద్యావతి పప్పు కడుగుతూ అంది, "ఊళ్లోవాళ్ల సరుకంతా దేశం మీద మోశారు. నన్నొక్కదాన్నీ ఎక్కడికీ మోయలేదు."

నవ్వుతూనే అంది. అయినా ఆ మాట నాలో ఉండిపోయింది.

మన లైసెన్సు ఇక్కడ కొన్నాళ్లే చెల్లుతుంది. తర్వాత ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. ప్రశ్నల పరీక్ష రెండోసారికి గట్టెక్కాను. ఇక మిగిలింది రోడ్డు మీద పరీక్ష. అది గురువారం పొద్దున తొమ్మిదింటికి. అందులో తప్పితే, నేర్చుకునేవాళ్లు తగిలించుకునే పసుపు ఎల్ బోర్డు పెట్టుకుని మొదట్నుంచీ రావాలని అల్లుడు చెప్పాడు. ఆ మాట విని విద్యావతి రెండు రోజులు నవ్వింది.

"లారీ సుబ్బరాజు గారికి ఎల్ బోర్డు! ఫొటో తీసి గూడెం పంపిస్తానండీ."

నాకు నవ్వు రాలేదు. నెగ్గితే శనివారం నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని సముద్రం దాకా తీసుకెళ్తానన్నాను. నేను ఒక మాట చెప్పడమే తక్కువ. చెప్పాను కాబట్టి ఆవిడ ఆరోజే చీర తీసి ఇస్త్రీ చేసి పెట్టేసింది.

ఆ పరీక్షకి మన కారే తీసుకెళ్లాలి. అంటే కూత పెట్టే వినాయకుడున్న కారు. అందుకని ఒక సాయంత్రం అల్లుడు గ్యారేజీలో కారు తుడుస్తుంటే వెళ్లి నిలబడ్డాను.

"స్వామి కడుపులో ఏం పెట్టారు?"

హేమచంద్ర ముందు గ్యారేజీ తలుపు దించాడు. అప్పుడు నోరు విప్పాడు.

"రాడార్ డిటెక్టర్ మావయ్యగారూ. ప్లీజ్, ఉదయకి చెప్పకండి."

"నేనెవరికి ఏం చెప్పాను ఇంతవరకూ?"

"అదీ నిజమే" అని తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. తర్వాత ఉత్సాహం వచ్చింది. కంప్యూటర్ల ఉద్యోగం చేస్తాడు, ఏదైనా వివరించమంటే చాలు అతనికి. "పోలీసాయన చేతిలో స్పీడ్ గన్ ఉంటుంది కదా. అందులోంచి కంటికి కనపడని తరంగాలొస్తాయి. మన కారుకి తగిలి వెనక్కిపోతాయి. మనం స్పీడుగా ఎదురెళ్లేకొద్దీ వెనక్కెళ్లే తరంగాలు అంత దగ్గరదగ్గరగా నొక్కుకుపోతాయి. ఆ తేడా చూసి మన స్పీడ్ ఎంతో చెప్పేస్తుంది."

"రైలు కూత" అన్నాను.

"ఏంటండీ?"

"గేటు దగ్గర ఆగితే, రైలు మన మీదికి వచ్చేటప్పుడు కూత సన్నగా ఉంటుంది. దాటిపోయాక బొంగురు."

"ఎగ్జాక్ట్లీ! అదే! నేను ఇంజనీరింగ్‌లో ఒక సెమిస్టర్ చదివాను దానికోసం" అని అల్లుడు గుడ్డ పక్కన పడేశాడు. "ఇప్పుడు ఆ తరంగం మన దాకా వచ్చేసరికి గట్టిగానే ఉంటుంది. మనకి తగిలి ఆయన దాకా తిరిగి వెళ్లేసరికి నీరసపడిపోతుంది. అందుకని ఆయన మనల్ని కొలిచేలోపే ఈ డబ్బా ఆయన్ని వినేస్తుంది. కూత పెడుతుంది."

"ఇంట్లో రెండు ఇత్తడి వినాయకుడి విగ్రహాలున్నాయి. ప్లాస్టిక్‌ది ఎందుకు?"

"ఇత్తడిలోంచి తరంగం లోపలికి రాదండీ. మెటల్ ఆపేస్తుంది."

"ఇక్కడ ఇది పెట్టుకోవచ్చా?"

అల్లుడు మూసిన తలుపు వంక చూశాడు. "పెర్త్ వైపు పర్లేదు. మన భజనకొచ్చే వాసుదేవరావు గారు అక్కణ్ణుంచి వస్తూ రెండు తెచ్చారు. ఒకటి నాకిచ్చారు. ఇక్కడ... కారులో ఉండకూడదనుకోండి. దొరికితే ఫైన్, లైసెన్సులో పాయింట్లు కోత, అన్నీ. కానీ ఎలా దొరుకుతుంది? ఇది రిసీవర్. వింటుంది అంతే, మాట్లాడదు."

నాకు డ్రైవరు కేశవరావు గుర్తొచ్చాడు. రావులపాలెం దగ్గర టీ కొట్టులో ఇద్దరం ట్రాన్సిస్టర్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చునేవాళ్లం. వాడు తన రేడియో ముల్లు తిప్పుతుంటే ఒక చోటికి రాగానే నా రేడియోలో సన్నగా ఈల వచ్చేది. వాడిది కూడా వినేదే కదా. మరి నా దాంట్లో ఈల ఎందుకొచ్చేది? అల్లుణ్ణి అడుగుదామనుకున్నాను. అడగలేదు.

మరి ఆ డబ్బా స్వామి ఎలా అయిందంటారా. మొదటిసారి అది కూసినప్పుడు ఉదయ "ఏంటా సౌండ్?" అనడిగింది. అల్లుడు కంగారులో "స్వామి స్లోగా వెళ్లమంటున్నాడు" అన్నాడు. రెండు నిమిషాల్లో పోలీసు కనిపించాడు. ఉదయ అమాయకురాలేం కాదు. ఆస్పత్రిలో ఫార్మసిస్టు. "ఫస్ట్ టైమ్ ఫ్లూక్ అనుకున్నా నాన్నగారూ. నాలుగోసారి కూడా అయితే ఏమనుకోవాలి?" అంది. శుక్రవారం భజనలో ఆ సంగతి చెప్పింది. ఆ తర్వాత అల్లుడు నిజం చెప్పడానికి వీలులేకుండా పోయింది.

భజన బృందానికి పెద్ద కనకదుర్గ గారు. వాసుదేవరావు గారి భార్య. పరీక్ష గురువారం అనగా, ముందటి ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కొబ్బరికాయలతో, పసుపు తాడుతో మా ఇంటికి దయచేశారు. భర్త కారు నడుపుతున్నాడు. మేము కూడా అప్పుడే బజారు నుంచి వచ్చి ఇంటిముందు ఆగాం. ఇంకా ఇంజను కట్టెయ్యలేదు. వాళ్ల కారు వచ్చి మా పక్కన నిలిచింది.

మా వినాయకుడు "టీటీటీ" అన్నాడు. ఆ క్షణంలోనే వాళ్ల కారులో కళ్లజోడు పెట్టుకునే అరలోంచి "టీటీటీ" అని వచ్చింది.

కనకదుర్గ గారు తలుపు తీసుకుని కిందికి ఉరికారు.

"ఉదయా! మా కారు కూడా పలుకుతోందమ్మోయ్! మీ స్వామి మహిమ మా కారుకి కూడా పాకింది!"

వాసుదేవరావు గారికి దగ్గు వచ్చింది. ఆయనా, అల్లుడూ ఒకేసారి వీధిలోకి పరుగెత్తారు, పోలీసు ఎక్కడున్నాడా అని. వీధి చివరిదాకా చూశారు. ఎవరూ లేరు. ఎదురింటాయన గడ్డికి నీళ్లు పెట్టుకుంటున్నాడు. ఒక కుక్క.

ఆడవాళ్లు హారతి పళ్లెం కోసం లోపలికి వెళ్లారు. నేను అల్లుడితో "ఇంజను కట్టండి" అన్నాను. కట్టాడు. రెండు కూతలూ ఆగిపోయాయి. "మళ్లీ వేయండి." రెండూ మొదలయ్యాయి.

"కేశవరావు రేడియో" అన్నాను.

ఇద్దరూ నా మొహం చూశారు. అప్పుడు టీ కొట్టు సంగతి చెప్పాల్సి వచ్చింది. అల్లుడు ఫోను తీసి వెతికాడు. చదువుతున్నకొద్దీ మొహం పాలిపోయింది.

"మావయ్యగారూ, మీరు కరెక్ట్. వచ్చే తరంగాన్ని పట్టుకోవడానికి ఇది లోపల తనకంటూ ఒక చిన్న తరంగాన్ని పుట్టించుకుంటుందట. రెండూ కలిపితేనే దానికి వినపడేది. ఆ సొంత తరంగం కొంచెం బయటికి లీక్ అవుతుంది. మన రెండు డబ్బాలూ ఒకదాని లీకేజీ ఒకటి విని పోలీసు అనుకుంటున్నాయి."

"అంటే?" అన్నారు వాసుదేవరావు గారు.

"అంటే పోలీసుల దగ్గర ఆ లీకేజీని పట్టుకునే పెట్టె వేరే ఉందండీ. డిటెక్టర్‌ని పట్టుకునే డిటెక్టర్."

వాసుదేవరావు గారు వాకిట్లో మెట్టు మీద కూలబడ్డారు. "అంటే మనం ఇన్నాళ్లూ పోలీసు దగ్గరికి వెళ్తూ వెళ్తూ, 'అయ్యా వస్తున్నాం, మా దగ్గర డబ్బా ఉంది' అని కూసుకుంటూ వెళ్లామా?"

"ఊఁ" అన్నాను.

ఆయన అప్పటికప్పుడు తన డబ్బా పీకి దాన్ని సుత్తితో నలగ్గొట్టి, ముక్కలు ప్లాస్టిక్ సంచీలో వేసి ముడివేశారు. మాదీ పీకేద్దామని అల్లుడు చెయ్యి పెట్టేలోపు కనకదుర్గ గారు వచ్చి వినాయకుడి నడుముకి పసుపు తాడు చుట్టి, ఏసీ గాలి వచ్చే రెక్కకి ముడేశారు.

"గురువారం నాన్నగారి పరీక్ష అయ్యేదాకా స్వామిని ఎవరూ ముట్టుకోవద్దు" అంది ఉదయ. "ముఖ్యంగా హేమా, నువ్వు."

అల్లుడు నా చెవి దగ్గరికి వచ్చి, "వైరు పీకేస్తాను లెండి, ఎవరికీ తెలీకుండా" అన్నాడు.

గురువారం వచ్చింది. నలుగురం బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, అల్లుడు పక్కన, ఆడవాళ్లిద్దరూ వెనక. విద్యావతి ఒళ్లో స్టీలు డబ్బా నిండా పులిహోర. నెగ్గినా తప్పినా తినాలి కదా అంది. లైసెన్సు ఆఫీసు ఒక షాపింగ్ సెంటరు పక్కన ఉంది. ఆ షాపు అద్దాల తలుపులు మనిషి దగ్గరికి రాగానే వాటంతటవే తెరుచుకుంటాయి. దాని ముందునుంచి పార్కింగులోకి తిప్పానో లేదో, "టీ... టీ... టీటీ."

ఉదయ చేతులు జోడించింది. నేను అల్లుడి వంక చూశాను.

"వైరు పీకలేదా?"

"పీకేశానండీ!" గుసగుసగా అన్నాడు. "వైరు ఉన్నంతసేపూ కారు కరెంటే. పీకేస్తే లోపలి బ్యాటరీలు అందుకుంటాయి, మర్చిపోయాను. ఆ ఆటోమేటిక్ డోర్స్‌లో కూడా చిన్న రాడార్ ఉంటుంది, అందుకే..."

కారు ఆపాను. ఎదుటి వరుసలో పోలీసు కారు ఒకటి నిలిచి ఉంది. లోపల ఇద్దరు కాఫీ తాగుతున్నారు. టైము తొమ్మిదికి పది నిమిషాలు. పరీక్ష పెట్టే మనిషి వచ్చి నా పక్క సీట్లో, ఇదే వినాయకుడి ఎదుట కూర్చుంటుంది. స్టీరింగు దగ్గర ఉండేది నేను. శనివారం కోసం ఇస్త్రీ చేసిన చీర కళ్లముందు కనిపించింది.

జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాను. అది ఎప్పుడూ ఉంటుంది. పసుపు తాడు ముడి విప్పి వినాయకుడి పీఠం కింద ఒకసారి ఎత్తాను.

"నాన్నగారూ! ఏం చేస్తున్నారు? అపచారం!" అని ఉదయ కేక వేసింది.

"అమ్మా, విను" అన్నాను. విద్యావతి నా మొహం చూసి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఈ కూత స్వామిది కాదు. కడుపులో ఒక డబ్బా ఉంది. అది పోలీసుల గన్‌ని ముందే వింటుంది. ఇక్కడ అది కారులో ఉండకూడదు. మొదటిరోజు మీ ఆయన భయపడి స్వామి అన్నాడు. నువ్వు భజనలో చెప్పేశావు. ఆ తర్వాత బయటపడలేకపోయాడు. నేనూ తెలిసి చెప్పలేదు, అది నా తప్పు. ఆ డబ్బా వింటుంది గానీ తనూ కూస్తుంది. ఆ కూత ఎదురుగా ఉన్న వాళ్లకి వినపడచ్చు. వినపడితే నా లైసెన్సు పోతుంది. మీ అమ్మకి సముద్రం పోతుంది."

 అల్లుడు సీటులోకి కుంచించుకుపోయాడు. ఉదయ కాసేపు భర్త వీపు వంక చూసింది.

"అయితే," అంది మెల్లిగా, "కనకదుర్గ ఆంటీ కొట్టిన కొబ్బరికాయ?"

ముందు విద్యావతి నవ్వింది. ఆపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. దాంతో ఉదయకి కూడా వచ్చేసింది. "పదకొండు కాయలు హేమా! పదకొండు! మొన్న ఆవిడ బానెట్‌కి ప్రదక్షిణ కూడా చేసింది!" అని అల్లుడి భుజం మీద కొడుతూ నవ్వింది. "శుక్రవారం భజనలో నువ్వే లేచి చెప్పాలి. మైకులో."

"చెప్తాను తల్లీ, చెప్తాను!"

డబ్బా బయటికి వచ్చింది. ఇంకా కూస్తూనే ఉంది. బ్యాటరీ మూత సన్నటి మరలతో బిగించి ఉంది, నా స్క్రూడ్రైవరు పట్టలేదు. అల్లుడు అన్న మాట గుర్తొచ్చింది. మెటల్ ఆపేస్తుంది.

"ఆ డబ్బా ఇలా ఇవ్వు" అన్నాను విద్యావతితో.

"నా పులిహోరా?"

"ఊఁ."

మూత తీసి, పులిహోర మీద కప్పిన అరిటాకు ముక్క మడిచి, దానిమీద కూస్తున్న డబ్బా పెట్టి, గట్టిగా మూతవేసి నొక్కాను. కూత ఆగిపోయింది. స్టీలు కదా, లోపలిది బయటికి రాదు, బయటిది లోపలికి పోదు. అల్లుడి నోరు తెరుచుకుంది.

"మావయ్యగారూ, దీన్ని మాకు కాలేజీలో..."

"దిగండి. టైము అయ్యింది."

ముగ్గురూ దిగి ఆఫీసు ముందున్న బెంచీ మీద కూర్చున్నారు. అల్లుడు పులిహోర డబ్బాని రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు. పరీక్ష పెట్టే ఆవిడ వచ్చింది. పొడుగాటి మనిషి, చేతిలో పలక లాంటి కంప్యూటరు. గుడ్ మార్నింగ్ అంది. నేనూ అన్నాను. ఇంజను వేశాను.

కుడి, ఎడమ, వెనక్కి పెట్టడం, వాలులో ఆపడం, అన్నీ అయ్యాయి. పక్కకి వెళ్లే ముందు మెడ తిప్పి భుజం మీదుగా చూడాలి ఇక్కడ. లారీలో అద్దమే చూసేవాళ్లం. విద్యావతి నెల రోజులు వంటింట్లో నా వెనకనుంచి గరిటెతో భుజం పొడిచి అలవాటు చేసింది. ఇప్పుడు గరిటె లేకపోయినా మెడ తిరిగింది.

ఇంకో రెండు మలుపులు తిరిగితే ఆఫీసు. ఎదురుగా పెద్ద లారీ ఒకటి వస్తోంది. నా దగ్గరికి రాగానే దాని లైట్లు రెండుసార్లు మినుకుమన్నాయి. అంతే, వెళ్లిపోయింది.

మనిషి ఎక్కడివాడైనా, లారీ లైటు రెండుసార్లు మినుకుమంటే ముందేదో ఉందని. కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. మలుపు దాటగానే ఎడమవైపు ఒక బస్సు నిలిచి ఉంది. దాని వెనక సగం దాగి బడి బోర్డు, నలభై దాటొద్దని. బడి వేళ. ఆ బోర్డు దాటేసరికి నా ముల్లు ముప్పై ఎనిమిది మీద ఉంది. కాస్త ముందు చెట్టు కింద పోలీసాయన గన్ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు ముందునుంచి ఇద్దరు పిల్లలు బ్యాగులతో పరుగెత్తుకొచ్చారు. వాళ్లు దాటేదాకా ఆగాను.

పరీక్ష పెట్టే ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. ఆ బస్సు వెనకాల బోర్డు ఎలా కనిపించింది నీకు అన్నట్టు ఏదో అడిగింది.

"లారీ" అన్నాను. "థర్టీ సిక్స్ ఇయర్స్."

ఆవిడ నవ్వి పలక మీద ఏదో నొక్కింది.

వెనక్కి వచ్చేసరికి బెంచీ మీద అల్లుడికి ఒక పక్క ఉదయ, ఒక పక్క కాఫీ తాగిన పోలీసాయన కూర్చుని ఉన్నారు. అల్లుడు కదలడం లేదు. చెమట ధారగా కారుతోంది.

"వాట్స్ కుకింగ్, మేట్? స్మెల్స్ గుడ్" అంటున్నాడు పోలీసాయన.

"రైస్" అన్నాడు అల్లుడు. "జస్ట్ రైస్. వెరీ హాట్. కాంట్ ఓపెన్."

విద్యావతి దూరంగా గోడవైపు తిరిగి నవ్వుకుంటోంది. పోలీసాయన వెళ్లిపోయాక కాగితం చూపించాను. నెగ్గాను. ఆవిడ చదవలేదు. నా మొహం చూసింది, అదే చాలు. చెయ్యి పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కింది.

ఇంటికి రాగానే అల్లుడు ఆ కూత డబ్బా మీదికి సుత్తి తీశాడు. నేను పట్టుకున్నాను, అతను కొట్టాడు. పులిహోర మాత్రం చెడలేదు.

శుక్రవారం భజనలో అల్లుడు నిజంగానే మైకు పట్టుకుని చెప్పాడు. వాసుదేవరావు గారు స్తంభం వెనక నిలబడ్డారు. అంతా విన్నాక అందరూ కనకదుర్గ గారి వంక చూశారు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు.

"అయితే ఏమైందయ్యా? స్వామి సుబ్బరాజు గారి చేత వరసన అన్ని మాటలు మాట్లాడించాడా లేదా? అది మహిమ కాదూ?"

పన్నెండో కాయ కొట్టారు.

శనివారం పొద్దున వొలాంగాంగ్ దారి పట్టాం. నేను, విద్యావతి, ఖాళీ కడుపు వినాయకుడు. కొత్త గమ్ముతో మళ్లీ అతికించాను. ఆవిడ ముందు సీటులో బెల్టు పెట్టుకుని, చీర సర్దుకుని, దారంతా మాట్లాడుతూనే ఉంది. చెట్లు, ఇళ్లు, గూడెంలో ఎవరి పెళ్లికి నేను రాలేదో, ఆ రోజు ఏం కూర వండారో. నేను ఊఁ కొడుతున్నాను. కొండ దిగుతుంటే నీలంగా సముద్రం కనిపించింది. ఆవిడ ఒక్కసారి మాట ఆపింది. నేనూ దాన్నే చూస్తూ కాలు కాస్త నొక్కినట్టున్నాను.

"టీ..." అంది విద్యావతి. "టీ... టీటీటీ!"

చూసుకుంటే ఎనభై బోర్డు దగ్గర ఎనభై మూడు.

కాలు తీశాను.